నీళ్లకన్నా పలుచటి బీరు

"హాట్ వాటర్ కబర్డ్ తలుపు వేసినవా?"

"వేసిన. నువ్వు పో."

మొదటిది మా ఆయన నాతోని అన్న ఆఖరి మాట, రెండోది నేను ఆయనతోని అన్నది. పొద్దున షిఫ్టుకు పోతూ గడప దాటి, మల్ల తల లోపలికి పెట్టి అడిగిండు. నేను చపాతీ పిండి పిసుకుతున్న, తల సుత ఎత్తలే. సినిమాలల్ల అయితే ఇట్లాంటప్పుడు మంచి మాట ఒకటి అనుకుంటరు. మాకు తలుపు మాట దొరికింది. (ఉన్నదున్నట్టు రాయి బిడ్డా, బాగుచెయ్యకు. నా గొంతు పొద్దటిసంది గరగరమంటున్నది, తెలువకుంటె మల్ల అడుగు.) రాస్తున్నది మా అన్న బిడ్డ. ఈ పరాయి దేశంల, పట్నం ఆ కొసకున్న ఆల్బనీల సదువుకుంటది, సెలవు దొరికితే బస్సెక్కి, రైలెక్కి టకానినిల ఉన్న నా కాడికొస్తది. నాకు అంకెలొస్తయి, సంతకమొస్తది, అంతకు మించి రాదు. "నువ్వు చెప్పు అత్తా, నేను రాస్త. చదివేటోళ్లు మనోళ్లే" అన్నది. సరే, ఆ తలుపెనక ఏముండెనో చెప్త. ఇన్నంక అది ఉత్త తలుపు మాట కాదని మీకే తెలుస్తది.

ఆ రోజుల్ల మేం ఎప్పుడు అలిసిపోయినమో మాకే తెలువకపోతుండె, అలుపు సుత పనిలనే కలిసిపోయి ఉంటుండె. ఇప్పుడు నాకు చెంచా కడిగితే అలుపొస్తది, కడగకుండ దాన్ని చూసుకుంట కూసున్నా వస్తది. అప్పుడు నాకు ముప్పై నిండలే. రెండు వేల పన్నెండో పదమూడో, ఆ నడుమ. టకానినిల కొత్త ఇండ్లు లేస్తున్నయి, అండ్ల ఒకదాంట్ల మేం అద్దెకు దిగినం. నేను మనురేవాల ఒక బట్టల దుకాణంల, జనం విప్పి పారేసినయన్నీ మల్ల మడత పెడుతుంటి. ఇంటికొచ్చినంక మా బట్టలు మాత్రం కుర్చీ మీద కుప్పపోసి ఉంటుండె. ఆయన కూరగాయలు దాచిపెట్టే ఒక కోల్డ్‌స్టోర్ల ఫోర్క్‌లిఫ్ట్ తోలుతుండె. బయట ఎంత ఎండ కాసినా లోపల చలి, ఇంటికొచ్చి ఎండల నిలబడి వణికేటోడు. పిల్లలు కాలే మాకు. ఎదురెదురు కూసోని, ఎవరు లేచి టీ పెడ్తరా అని ఒకరి మొఖం ఒకరు చూసుకునుడే మా ఇద్దరి సినిమా.

ఆయన పని కాడ టీ తాగే యాళను స్మోకో అంటరు. (పేరుకే పొగ. తాగేది టీ, తినేది రొట్టె.) ఆ రూముల ఒకటే పెద్ద బల్ల, అందరు దాని చుట్టే కూసునేది. చేరిన కొత్తల ఈయన సుత పోయి ఓ మూలకు కూసోని టిఫిన్ మూత తీసిండంట. ఎండుచేపల పులుసు. నేనే పెట్టిన, ప్రేమతోని పెట్టిన. ఒకాయన లేచి కిటికీ తెరిచిండంట. అంతే. ఎవ్వరు ఏమనలే. ఏమన్న అంటే బాగుండు, తిరిగి ఏదో ఒకటి అనొచ్చు. కిటికీని ఏమంటం? ఆ తెల్లారిసంది ఈయన పార్కింగ్ల కారు అద్దాలెక్కిచ్చుకోని ఒక్కడే తినుడు మొదలువెట్టిండు. నాకు చెప్పలే. కారు ఊడుస్తుంటె గేరు సందుల కరివేపాకు దొరికింది, ఇంకో దినం సీటు కింద ఎండిన మెతుకులు.

"ఏందయ్యా ఇది, కార్ల తింటున్నవా?"

"రేడియో ఇనుకుంట తింటె మంచిగుంటది."

"ఇంగ్లిషు రేడియోనా?"

"పాటకు భాషేందే?"

తెల్లారి ఎండుచేపలు పెట్టుడు బంద్ చేసి పప్పు పెట్టిన. పప్పు సుత కార్లనే తిన్నడు.

ఇట్ల చానా దినాలు నడిచింది. ఒకనాడు ఆ రేడియో పుణ్యాన కారు బ్యాటరీ పాణం ఇడిసింది. వానల బానెట్ లేపి నిలబడితే, వాళ్ల సూపర్‌వైజర్ వచ్చి తన బండితోని వైరు కలిపి స్టార్ట్ చేసిచ్చిండంట. ఆయనకు మేం పెట్టుకున్న పేరు ఎర్రమీసాలాయన. సీటు మీద టిఫిన్ చూసి, "ఈడ ఒక్కనివి ఏం చేస్తున్నవయ్యా, లోపలికి రా" అని తోలుకపోయి బల్ల కాడ కూసోవెట్టిండు. అక్కడ అందరు ఇంట్ల కాసుకునే బీరు ముచ్చట్లే. వాడు ఏ డబ్బా తెచ్చిండు, వీడిది ఎన్ని దినాలకు పొంగింది. ఈయన మూగోనిలెక్క కూసున్నడు. ఎర్రమీసాలాయనకే పాపమనిపించి, "నీకొస్తదా బీరు చేసుడు?" అని అడిగిండు. ఈయన ఏమనాలె? రాదు అనాలె. "వస్తది, మా నాయన కల్లు గీసేటోడు" అన్నడంట. బల్లంత ఇటు తిరిగింది. చెట్టెక్కుడేంది, కుండ కట్టుడేంది అని అందరు అడగవట్టిరి. ఆ దినం ఆయన టీ చల్లారిపోయిందంట, మాట్లాడుట్ల. లేచేటప్పుడు ఎర్రమీసాలాయన భుజం మీద చెయ్యేసి, "అయితే క్రిస్మస్ పార్టీకి నీ బీరు పట్టుకరావాలె" అన్నడంట.

ఇంటికొచ్చి చెప్తుంటె ఆయన మొఖం ఎలిగిపోతున్నది. నాకేమో కాళ్లు గుంజుతున్నయి.

"నీకు టీ పెట్టుడే రాదు కదయ్యా."

"మా నాయన కల్లు గీసేటోడు కాదా?"

"కల్లు చెట్టు చేస్తది. మీ నాయన ఎక్కి దించుతుండె. బీరుకు ఎక్కే చెట్టేది?"

"నేర్చుకుంట. లేకుంటె మల్ల కార్లనే తినాలె" అన్నడు. కార్ల తినుడు ఇష్టమై తింటలేడని ఆయన నోటెంట ఇన్నది అదే మొదలు. ఇగ నేను ఎదురు చెప్పలే.

మా పక్కింట్ల ఒక ఫిజీ అంకుల్ ఉంటుండె. వాళ్ల తాతలు మన దిక్కునుంచే చెరుకు తోటలకు పోయినోళ్లంట. ఆయనకు తెలుగు నాలుగు మాటలొస్తయి, మిగిలింది హిందీ, ఇంగ్లిషు. డాక్టరు తాగొద్దన్నడని బీరు చేసే సామాను షెడ్డుల మూలకు పడేసి ఉండె. మేం అడిగితే ఆయన కండ్లల్ల నీళ్లొచ్చినయి. మూత ఉన్న పెద్ద బకెట్, ఒక గాజుపుల్ల తెచ్చి ఇచ్చిండు. ఆ పుల్లను హైడ్రోమీటర్ అంటరు. అడుగున బరువు ఉంటది, లోపల కాగితం మీద అంకెలుంటయి. తీపి నీళ్లల్ల వేస్తే పైకి తేలుతది. ఈస్టు ఆ తీపిని తింటున్నకొద్ది నీళ్లు పలుచనై పుల్ల కిందికి దిగుతది. దాన్నే గ్రావిటీ చూసుడు అంటరు. వెయ్యి నలభై కాడ మొదలైతే వెయ్యి పది కాడ ఆగాలె. వెయ్యి అంటె ఉత్త నీళ్లు. ఆ మిగిలిన పదే బీరుకు చిక్కదనం. ఆయనకు దగ్గరియి కనపడవు, అద్దాలు పెట్టుకోమంటె ముసలోడినా అంటడు. అందుకే అంకెలు సదివే పని నాకు పడ్డది. నన్ను సదువు పనికి పిలుసుడు అదే ఫస్టు.

చలికాలం. ఇంట్ల వెచ్చగుండే జాగ ఒక్కటే, వేడినీళ్ల ట్యాంకు ఉండే అల్మరా. అదే హాట్ వాటర్ కబర్డ్. అండ్ల అప్పటికే నా దోశపిండి గిన్నె కాపురముంటుండె. దాని పక్కకే బకెట్ పెట్టినం. మూతకు ఉన్న గాలి ఇడిసే బుడ్డి బుడబుడమంటుంటె ఈయన దాని ముందట పీట ఏసుకోని కూసునేటోడు. ఊయలల పిల్లగాన్ని చూసినట్టు చూసేటోడు. తలుపు ఓరగ ఉంటె చాలు, "వేసినవా? చలి పెడ్తది దానికి" అని ఇల్లంత ఇనవడేటట్టు అడుగుడు. నాకు జలుబు చేస్తే అట్ల అడగలేదు మనిషి.

మొదటిసారి దుకాణంల బీరు పాకం డబ్బా తెచ్చి, ఇంట్ల ఉన్న చక్కెర పోసి చేసినం. పుల్ల వెయ్యి ఆరు కాడ ఆగింది. తాగి చూస్తే పలుచగున్నది. అంకుల్ ఒక చుక్క నాలుకకు రాసుకోని (డాక్టరు రాసుకోవద్దనలే కదా అన్నడు) "బాడీ నహీ హై, అమ్మాయ్. పలుచన, పలుచన" అన్నడు. పలుచగైతే ఏం చేస్తం? చారు పలుచగైతే ఇంత పిండి కలుపుతం, జావ పలుచగైతే ఇంత పిండి కలుపుతం. ఇండ్ల అంత ఆలోచించేదేమున్నది? నా కాడ మొలకల రాగిపిండి ఉండనే ఉండె. రాగులు నానవెట్టి, బట్టల మూటకట్టి, మొలకొచ్చినంక ఎండవెట్టి మిక్సీ పట్టేదాన్ని. మా అమ్మ అయితే ఎండినంక సన్నమంట మీద ఏపేది. నేను సుత ఒకసారి ఏపిన. పొగ అలారం ఇండ్లన్నీ ఇనవడేటట్టు మొత్తుకున్నది, ఈయన తింటున్న బువ్వ ఇడిసి కుర్చీ ఎక్కి టవల్ ఊపుడు, అంకుల్ గోడ దుంకి వచ్చుడు. అప్పటిసంది ఏపుడు బంద్. పచ్చి మొలకలే ఎండవెట్టి పిండి చేస్తుంటి.

రెండోసారి కాసినప్పుడు ఆ పిండి చారెడు తీసి, చల్లనీళ్లల్ల ఉండలు కట్టకుండ కలిపి, బకెట్ల సరుకు చల్లారినంక పోసినం. వేడి మీద పోస్తే ఉండలు కడ్తది కదా, అందుకని. ఈయన సుత "అబ్బ, మనింటి వాసనొస్తున్నదే" అని మురిసిండు. బుడబుడలు ఆగినంక పుల్ల వేసినం. ఆయన టార్చ్ పట్టుకున్నడు, నేను మోకాళ్ల మీద కూసోని సదివిన.

"వెయ్యి."

"వెయ్యి మీద ఎంత?"

"వెయ్యి మీద ఏం లేదు. ఉత్త వెయ్యి."

"సరిగ్గ చూడు, అది ఉత్త నీళ్ల అంకె కదనే."

"నాకొచ్చేటియే అంకెలు. అవి సుత రావంటవా?"

ఇగ అక్కడినుంచి పంచాయితీ. అంకుల్ అద్దాలు పెట్టుకోని వచ్చి, ముందుగల పుల్లనే అనుమానించిండు. నల్లా తిప్పి పట్టిన ఉత్త నీళ్లల్ల వేస్తే వెయ్యి చూపియ్యాలె, సరిగ్గ వెయ్యే చూపిచ్చింది. "మీటర్ మంచిగనే ఉంది. మీరే ఖరాబ్" అన్నడు. తరువాత, గోరువెచ్చగుంటె తక్కువ చూపిస్తదని గ్లాసు బయట పెట్టి చల్లార్చినం. ఎంటికెవాసి లేచింది, అంతే. తరువాత మురికి ఉన్నదేమోనన్నరు. బకెట్, గొట్టాలు, చెంచాలు, నా చేతులు, అన్నీ బ్లీచ్‌తోని కడిగిన. ఇల్లంత స్విమ్మింగ్ పూల్ వాసన. ఆఖరికి అంకుల్ కబర్డ్ తలుపు తెరిచి నా గిన్నె దిక్కు వేలు చూపిచ్చిండు.

"యే క్యా హై?"

"దోశపిండి, అంకుల్."

"పక్కపక్కనే పెట్టినవా? ఇదే దొంగ! దీని పులుపు గాలి దాంట్ల పడ్డది."

"నా పిండి ఎవరింటికి దొంగతనానికి పోదంకుల్. దాని గిన్నెల అది పొంగుతది, దాని మానాన అది ఉంటది."

గని మా ఆయన అప్పటికే గిన్నె లేపిండు. ఆ సంసారాన్ని అట్ల ఎడబాపి, గిన్నెను బట్టలుతికే రూముల చలికి పడేసిండు. ఇగ ఆ చలికాలమంత మేం తిన్నయి దోశలు కావు. విరిస్తే చప్పుడొచ్చేటియి. నేను పొద్దున్నే పెనం ముందు నిలబడి, నిద్రమొఖంతోని దాన్ని గోకుకుంట, ఒక కిటికీ తెరిచినందుకు నా దోశ ఎట్ల పాడైందా అని ఆలోచిస్తుంటి.

మూడోసారి కాసినప్పటికి పార్టీ దగ్గరికొచ్చింది. దోశపిండి లేదు, మురికి లేదు, మీటరు మంచిది. ఇగ మిగిలిన తప్పు ఒక్కటే అనుకున్నం: పిండి చాలలే. పోయినసారి చారెడు, ఈసారి దోసెడు. "ఇంకింత వెయ్యి, ఇంకింత వెయ్యి" అని ఆయనే అన్నడు, నేను ఏసుకుంటనే పోయిన. పుల్ల వేసి చూస్తే వెయ్యి గీత నీళ్ల కిందికి పోయింది. దాని కంటె పైన ఉన్న గీత కాడ ఆగింది. తొమ్మిది వందల తొంభై ఎనిమిది.

"నీళ్లకన్నా పలుచన ఎట్లైతదే?" అని ఆయన తల పట్టుకున్నడు. (అంకుల్ చెప్పిండు, సారాయి నీళ్లకన్న తేలికంట, తీపి మొత్తం సారాయైతే అట్లనే దిగుతదంట.) ఆ ఇంట్ల నీళ్లకన్న పలుచనైనది నేనొక్కదాన్నే అనుకుంటుంటి, ఒక తోడు దొరికింది. చేసేదేం లేదు. మల్ల కాయడానికి దినాలు లేవు. కూల్‌డ్రింకు సీసాలు, ప్లాస్టిక్‌వి, అందరిండ్లల్ల అడుక్కొచ్చి నింపినం.

పార్టీ ఇంక వారముందనంగ, ఆయనకు మధ్యాహ్నం షిఫ్టు అయిపోయే టైముకు తాగుతడని పొద్దున రాగిజావ కాసిన. దుకాణంల రాగిపిండితోని గట్టిగ కాసిన, గరిటె నిలబడేటంత. చల్లారినంక, బలముంటదని నా మొలకల పిండి రెండు చెంచాలు పైన కలిపి, వెచ్చగుంటదని కబర్డ్ల పెట్టి పనికి పోయిన. నేనొచ్చేసరికి ఆయన గిన్నె ముందటేసుకోని కూసున్నడు.

"ఏమే, జావల ఇన్ని నీళ్లెందుకు పోసినవు? పైంగ బెల్లం గింత దండిగనా?"

"బెల్లం యాడిది? బెల్లం అయిపోయింది, తెమ్మంటె నువ్వు తేలే."

"మరి తియ్యగెందుకున్నది?"

నేను గరిటె ఏసి చూసిన. గరిటె నిలబడుడు కాదు, ఈత కొడ్తున్నది. నాలుక మీద ఏసుకుంటె నిజంగనే తియ్యగున్నది. పొద్దున కాసిన గట్టి జావ సాయంత్రానికి తియ్యటి నీళ్లైంది. నేను జావ దిక్కు చూసిన, ఆయన కబర్డ్ దిక్కు చూసిండు, మల్ల ఇద్దరం ఒకరి దిక్కు ఒకరం చూసుకున్నం.

"నువ్వేం కలిపినవ్ దీంట్ల?"

"మొలకల పిండి."

"బీర్ల ఏం కలిపినం?"

నేను గరిటె కింద పెట్టిన. ఆ పిండి చిక్కటిదాన్ని పట్టుకోని తీపి చేస్తది. తీపి దొరికితే ఈస్టు తింటది. తిన్నకొద్ది బీరు పలుచనైతది. పలుచనైందని మేం ఇంకింత పిండి పోస్తున్నం. చిన్నపిల్లల జావల ఒక చెంచా మొలకల పిండి ఏస్తే జారుడుగ ఐతదని మా ఊర్ల పిల్లల్ని కన్న ప్రతి ఆడిదానికి ఎరుకే. నాకు సుత ఎరుకే. గని అది జావ కాడ ఎరుక, బకెట్ కాడికి రాలే. మా అమ్మలెక్క ఏపితే దాని చురుకు చచ్చేదేమో, అలారం బతకనియ్యలే. ఆయన కింద కూసోని గోడకు ఒరిగి నవ్విండు. నవ్వి నవ్వి ఆగినంక, "పార్టీ నాడు జరమొచ్చిందని చెప్త" అన్నడు. ఆ మాటకు మాత్రం నాకు నవ్వు రాలే. జరం ఒక్కనాటిది, తరువాత మల్ల కారే. "తీసుకపోదాం. బాగలేదంటె బాగలేదంటరు. ఇప్పటిదాక అది సుత అననీయలే కదా నువ్వు" అన్న.

అప్పుడు అంకుల్ వచ్చి సీసాలు ఒత్తి చూసి మొఖం మార్చిండు. రాళ్లలెక్క గట్టిగున్నయి. పిండి లోపల ఇంకా పని చేస్తనే ఉన్నది, ఈస్టు తింటనే ఉన్నది, గాలి నిండుతనే ఉన్నది. "బాంబ్ హై యే" అన్నడు. ఇగ పొద్దు మాపు మూతలు వదులు చేసుడు, మల్ల బిగిచ్చుడు. పార్టీకి పెండ్లాలను సుత పిలిచిరి. నేను మంచి చీర కట్టుకోని ఎనక సీట్ల సీసాల నడుమ కూసున్న, వాటికి సుత బెల్టు పెట్టినం. లైటు కాడ కారు ఆగినప్పుడల్ల నేను ఒక్కో మూత తిప్పుడు, అది బుస్సుమనుడు. పక్క కార్ల ఉన్న ముసలామె నన్ను చూసి అద్దం ఎక్కిచ్చుకున్నది. కారంత కల్లు దుకాణం వాసన.

"పోలీసులు ఆపితే ఏం చెప్పాలయ్యా?"

"రాగిజావ అని చెప్పు. అబద్ధమేం కాదు."

ఈ దేశంల క్రిస్మస్ ఎండకాలంల వస్తది, ఆ బల్లను ఎండలకు తెచ్చి వేసిండ్రు. దాన్ని నేను అప్పుడే చూసుడు. ఇంత దానికోసమా అనిపిచ్చింది, ఒక కాలు కింద అట్టముక్క పెట్టి ఉన్నది. ఎర్రమీసాలాయన మా సీసా ఇప్పితే సగం ఆయన మీసాలకే పోయింది. మిగిలింది కప్పుల్ల పోసి అందరికిచ్చిండు. తాగిండ్రు. ఒకాయన కప్పుల ఏమన్న పడ్డదేమోనని తొంగి చూసిండు. మా ఆయన చెయ్యి నా చీర కొంగు పట్టుకున్నది, ఎవరికి కనపడకుండ, చిన్న పిల్లగాడు పట్టుకున్నట్టు.

"ఎంత కాడ ఆగింది?" అని అడిగిండు ఎర్రమీసాలాయన.

"నైన్ నైంటీ ఎయిట్" అన్నడు ఈయన, గొంతు లోపలికే.

నమ్మలే. ఎవరిదో బండిలకెళ్లి మీటరు తెప్పిచ్చి వేసిండ్రు. పుల్ల తలదాక మునిగింది. బల్ల చుట్టు అందరు వంగి చూసిండ్రు. "ఏం కలిపినవయ్యా?" అంటే ఈయన నా దిక్కు చూసిండు. నాకొచ్చిన ఇంగ్లిషుతోని నేనే చెప్పిన, "బేబీ ఫుడ్" అని. ఒక్కసారిగ నవ్విండ్రు. చెడ్డ నవ్వు కాదు, చెడ్డ నవ్వైతే నాకు తెలుస్తది. అప్పుడు బల్ల మీద కొట్టి మల్ల పోయమన్నరు. ఎండల అది నీళ్లలెక్క దిగుతున్నది, నీళ్లలెక్కనే తాగిండ్రు. గని అండ్ల ఉన్న తీపంత సారాయే కదా. అందరికన్న ఎక్కువ తాగినాయన, మాంసం కాలకముందే గడ్డిల ఒరిగి, మొఖం మీద టోపీ పెట్టుకోని గురక పెట్టిండు. "ఆయనే" అని మా ఆయన నా చెవుల చెప్పిండు. "ఎవరు?" "కిటికీ."

సెలవులైనంక పనికి పోతే, "ఏయ్ నైన్ నైంటీ ఎయిట్, ఇటు రా" అని కుర్చీ జరిపిండ్రంట. అప్పటిసంది అదే ఆయన పేరు. అసలు పేరు వాళ్ల నోటికి ఎప్పుడు తిరగలే, ఈ అంకె తిరిగింది. కిటికీ సంగతి అడిగితే, "తెరుస్తరు. ఇప్పుడు నేనే లేచి తెరుస్త" అన్నడు. కారు ఊడిస్తే కరివేపాకు దొరుకుడు బందైంది. నా దోశపిండి మల్ల బకెట్ పక్కకు చేరింది. ఏటా క్రిస్మస్‌కు ఆ బీరు చేసుడు, పొద్దు మాపు "తలుపు వేసినవా" అనుడు, నేను ఇసుక్కోని "వేసిన" అనుడు. అట్ల కొన్నేండ్లు నడిచింది. అలిసిపోయే నడిచింది, గని నడిచింది.

ఆ దినం తలుపు మాట అడిగి పోయినంక, స్మోకో యాళకు బల్ల కాడ కూసోని, టిఫిన్ మూత తీసి, లేచి కిటికీ తెరిచి, మల్ల కూసోని ఏదో చెప్పుకుంట పక్కకు ఒరిగిండంట. కిందవడకముందే, ఒకప్పుడు కిటికీ తెరిచినాయనే పట్టుకున్నడంట. అంబులెన్సు వచ్చేదాక తల ఒడిల పెట్టుకోని, ఆ అంకెతోనే పిలుసుకుంట కూసున్నడంట. నేను ఒక్కటే అనుకుంట. కార్ల ఉంటె ఎవరు చూస్తుండె? అద్దాలెక్కిచ్చుకోని, రేడియో పెట్టుకోని, సాయంత్రందాక అట్లనే ఉంటుండె. దోసెడు రాగిపిండి ఆయన్ను కార్లకెళ్లి దించి బల్ల కాడ కూసోవెట్టింది. ఇంతకన్న నాకేం వద్దు. సాగనంపే నాడు ఎర్రమీసాలాయన మైకు కాడ నిలబడి, మీసాలు తెల్లవడ్డయి అప్పటికే, మొదటి మాటే "నైన్ నైంటీ ఎయిట్" అన్నడు. నేను పక్కుమని నవ్విన. మనోళ్లు నాకు మతి పోయిందనుకోని నీళ్లు తాగిచ్చిండ్రు. మోకాళ్ల మీద కూసోని, టార్చి ఎలుగుల, గొప్ప సదువు సదివినట్టు ఆ అంకె సదివిన పిల్ల కండ్లముందట మెదిలింది, ఏం చేస్తం? దానికి అలుపు లేదు, తెలివి లేదు, దోశ సుత రాదు.

బిడ్డా, గొంతు పోయింది. ఇగ నువ్వు సదువు. మొత్తం కాదు, అంత ఇనే ఓపిక లేదు. మొదటి ముక్క సదువు చాలు. ఆయన మాట నువ్వు సదువు, నా మాట నేనే అంట. ఆగు, ఈ చెంచా పక్కకు పెట్టనీ. ఈసారి తల ఎత్తి అంట. ఆ... సదువు.